అన్నిటికన్నా ఎక్కువ మోకాళ్లకే

మార్చి 3

వదినా,

ఫోన్ చేసి చెబుదామనే అనుకున్నా. కానీ ఫోన్లో మనిద్దరి సంగతి తెలిసిందేగా. నేను ఒక మాట అనేలోపు నువ్వు నాలుగంటావు, ఆ నాలుగింటికి నేను ఎనిమిది అంటాను, ఆఖరికి ఎవరు ముందు పెట్టేశారన్న దాని మీద నెలల తరబడి మాటలుండవు. కాగితం మీదైతే నువ్వు మధ్యలో అడ్డు రాలేవు. అందుకని ఇకనుంచి ముఖ్యమైనవన్నీ ఉత్తరాల్లోనే.

ముఖ్యమైనదేంటంటే, ఆఫీసుకి సెలవు పెట్టేశాను. కంగారు పడకు, ఒంట్లో నిక్షేపంలా ఉన్నా. జీతం లేని సెలవు, ఆరు నెలలు. లిఫ్టు మధ్యలో ఆగిపోయిందని, తలుపు తెరుచుకోవట్లేదని, మూడు నొక్కితే ఏడుకి తీసుకెళ్లిందని జనం ఫోన్ చేసి తిడుతుంటే, ఇన్నేళ్లుగా "క్షమించండి, మనిషిని పంపిస్తున్నాం" అంటూనే ఉన్నాను. చాలు. నాకు రాయాలని ఉంది వదినా. రాసి బతకాలని ఉంది. ఇది ఇవాళ పుట్టిన కోరిక కాదని నీకు తెలుసు. మీ పెళ్లిలో నేను రాసుకొచ్చి చదువుతుంటే మైకు ఎవరో ఆపేశారు చూడు, అప్పటినుంచీ ఉంది.

మా సూపర్‌వైజరు గారు మంచాయన. "ఆగస్టు నెలాఖరుదాకా నీ కుర్చీ ఖాళీగా ఉంచుతాను, ఆ తర్వాత నా చేతుల్లో లేదమ్మా" అన్నారు. అంటే ఆలోపు నా రాతల మీద నా జీతమంత రావాలి. రాకపోతే మళ్లీ అదే కుర్చీ, అవే తిట్లు.

ఎలా వస్తాయంటావా? నేను రాసింది నెట్‌లో పెడతాను. పక్కన ప్రకటనలు వస్తాయి. చదివినవాళ్లు వాటిమీద నొక్కితే నాకు కొంత ముడుతుంది. ఇక్కడే ఉంది కిటుకు. అన్ని ప్రకటనలకీ ఒకే రేటు ఉండదు. అప్పులు, బీమా, లాయర్లు, జబ్బులు వీటికి బాగా వస్తుందట. ఈ రాతల్లో తలపండినవాళ్లు అందరూ అదే చెబుతున్నారు. ముందు డబ్బు మీద రాయి, తర్వాత ఒంటి మీద, తర్వాత మొగుడూ పెళ్లాల గొడవల మీద. నేనేమో మొదట లిఫ్టులో ముక్కూ మొహం తెలియనివాళ్లు ఒకరినొకరు చూసుకోకుండా పైన మారే అంకెల్ని ఎందుకు చూస్తారో రాశాను. చెక్కి చెక్కి రాశాను. దాన్ని చదివింది నేనే, అదీ తప్పులు దిద్దుకోడానికి. పక్కన వచ్చిన ప్రకటన బూట్ల పాలిష్‌ది.

అందుకని ఇక మనసుకి నచ్చింది కాదు, డబ్బులొచ్చేదే రాస్తా. ఎవరికీ చెప్పకు. అన్నయ్యకి అసలు చెప్పకు, రాత్రికి రాత్రే బస్సెక్కి వచ్చేస్తాడు.

నీ పిచ్చుక


మార్చి 15

పిచ్చుకా,

ఉత్తరం అందింది. మధ్యలో అడ్డు రాలేనన్నావు కదా, చదివినంతసేపూ వాక్యానికొకసారి అడ్డు వచ్చాను. అప్పుడు నేను మా కళ్లజోళ్ల షాపు కౌంటర్లో ఉన్నాను. కళ్లజోడు బిగించుకోడానికి వచ్చినావిడ "ఎవరితోనండీ మాట్లాడుతున్నారు" అని అడిగింది. మా ఆడపడుచుతో అన్నాను. ఆవిడ జోడు తీసుకుని గబగబా వెళ్లిపోయింది.

సెలవు పెట్టినందుకు నిన్ను తిట్టాలనే కూర్చున్నా. కానీ మైకు సంగతి రాశావు చూడు, ఇక తిట్టబుద్ధి కాలేదు. ఆపించింది నేనే. అందరికీ ఆకలేస్తోందే, నేనేం చెయ్యను. కాబట్టి రాయి తల్లీ, ఈసారి ఎవరూ ఆపరు.

ఎవరికీ చెప్పొద్దన్నావు, చెప్పలేదు. మీ పెద్దత్తయ్యకి మాత్రం చెప్పాను. మీ నాన్నగారి తర్వాత ఇంటికి పెద్ద ఆవిడే, ఆవిడకి కూడా చెప్పకపోతే ఎలా? ఆవిడ మీ బాబాయికి చెప్పిందట. ఆయన మీ పిన్ని కొడుక్కి చెప్పాడట. అంతే, ఇంకెవరికీ తెలియదు. అంటే మిగిలినవాళ్లకి వాళ్లు చెప్పారు.

మన ఇంటి సంగతి నీకు కొత్తగా చెప్పాలా. ఎవరు ఏ కొట్టు పెట్టినా మిగతావాళ్లు చేతులు ముడుచుకుని కూర్చోరు. మీ బాబాయి గొడుగుల కొట్టు పెట్టినప్పుడు మాడు పగిలే ఎండల్లో అందరం తలా రెండు కొన్నాం. నా మంచం కింద ఇప్పటికీ విప్పనివి ఉన్నాయి. ఆయన ఇంటి పైకప్పు మాత్రం కారుతూనే ఉంది, అది వేరే కథ. ఇప్పుడు నువ్వు కొట్టు పెట్టావు, మరి దీని దగ్గర ఏం కొనాలి అని పెద్దత్తయ్య నన్ను నిలదీసింది. కొనడానికి ఏమీ ఉండదండీ అన్నాను. అయితే మనం చేయాల్సిందేంటో కనుక్కో అంది. నీ ఉత్తరం మళ్లీ తీసి చదివాను. కనుక్కున్నాను. ఆ సంగతి నాకు వదిలెయ్, నువ్వు రాస్తూ ఉండు.

మీ అన్నయ్యకి మాత్రం నేను చెప్పలేదు, పెద్దత్తయ్య చెప్పింది. ఆయనకీ నాకూ ఈ మధ్య మాటలు తక్కువ. పోట్లాట ఏమీ లేదు. నేనేదో అడుగుతాను, ఆయన నవ్వి తలూపి వెళ్లిపోతారు. టీవీ మాత్రం పక్కింటివాళ్లకి కూడా సరిపోయేంత పెడతారు. పొద్దుటినుంచీ డ్రైవింగ్ నేర్చుకునేవాళ్ల పక్కన కూర్చుని వాళ్లకి గేర్లు చెప్పీ చెప్పీ విసిగిపోయుంటారులే అని సరిపెట్టుకున్నా. కానీ మనసులో ఏదో పెట్టుకున్నారు. నా మీదే.

వేళకి తిను.

మీ వదిన


ఏప్రిల్ 20

నా బంగారు వదినా,

కూర్చుని చదువు. నిలబడి ఉంటే పడిపోతావు.

దొరికింది. అందరూ చెప్పేది తప్పు. ఆ తలపండినవాళ్లకి ఏమీ తెలియదు. బీమా మీద ఎంత పెద్ద వ్యాసం రాశానో, పాలసీ కాగితాలు ముందేసుకుని తలనొప్పి తెచ్చుకుని రాశాను. చిల్లిగవ్వ రాలేదు. అప్పుల మీద రాశాను, అదీ అంతే. విసుగొచ్చి ఒకరోజు మోకాళ్ల నొప్పుల మీద అరగంటలో గిలికి పడేశాను. వదినా, మర్నాడు పొద్దున్న లేచి చూస్తే పంట పండింది. ఇంకోటి రాశాను, మోకాళ్లూ మెట్లూ అని. అదీ పండింది. మోకాళ్లూ చలీ, మోకాళ్లూ బరువూ, ఎడమ మోకాలూ కుడి మోకాలూ. ఏది రాసినా కాసులే. లోకం మొత్తం మోకాళ్లు పట్టుకుని మూలుగుతోంది, ఆ సంగతి కనిపెట్టినదాన్ని నేనొక్కదాన్నే.

మోకాళ్ల తర్వాత ఏదనుకున్నావు? కారే పైకప్పులు. తర్వాత కుర్రాళ్లకి జుట్టు రాలడం. ఈ మూడింటికీ సంబంధమేంటో ఎంత బుర్ర బద్దలు కొట్టుకున్నా అర్థం కాలేదు. కానీ దానిమీద ఒక సిద్ధాంతం తయారు చేస్తున్నా. మనిషికి పైనుంచి కిందిదాకా భయమేనని. తల, ఇల్లు, కాళ్లు.

ఒక్కటి మాత్రం దెబ్బకొట్టింది. చెవి మిషన్ల ప్రకటనలకి మంచి రేటని ఎవరో అంటే వినికిడి మీద ఒకటి రాశాను. దానికి మాత్రం కష్టపడ్డాను. మా కింది వాటాలో ఒక పెద్దాయన ఉంటాడు, రిటైరైన బస్సు కండక్టరు. చాలా ఏళ్లు ఆయనకి చెవులు వినపడలేదట, ఇంట్లో ఎవరికీ చెప్పలేదట. ఆయన పక్కన మెట్లమీద కూర్చుని, ఆయన చెప్పిందంతా విని రాశాను. ఆ వ్యాసానికి రోజూ ఒకే ఒక్క మనిషి వస్తాడు. ఎక్కువసేపు ఉంటాడు. చివరిదాకా వెళ్తాడు. ఏదీ నొక్కకుండా వెళ్లిపోతాడు. ఇంత పిసినారిని నేనెక్కడా చూళ్లేదు. తీసేద్దామనుకుంటున్నా, కానీ కండక్టరు గారు బాధపడతారని ఊరుకున్నా.

అన్నయ్య సంగతి. నువ్వు గట్టిగా మాట్లాడతావు వదినా, ఏమనుకోకు. మనింట్లో అందరూ గట్టిగానే మాట్లాడతారు, కానీ నీది ఇంకో మెట్టు పైన. రోజంతా హారన్ల మధ్య ఉండొచ్చిన మనిషికి అది చికాకే కదా. గొంతు తగ్గించి మెత్తగా మాట్లాడి చూడు. గుసగుసలాడినట్టు. మొగుడూ పెళ్లాల గొడవల మీద రాయడానికి చాలా చదివాను, అందరూ ఇదే అంటున్నారు.

కాసుల పిచ్చుక


మే 6

పిచ్చుకా,

నీ సలహా తగలెయ్య.

నువ్వు చెప్పినట్టే చేశాను. గొంతు తగ్గించాను. ఎంత తగ్గించానంటే నాకే నేనేమంటున్నానో తెలిసింది కాదు. కుళాయి తిప్పినట్టు మెల్లగా, తేనె పూసినట్టు మాట్లాడాను. మీ అన్నయ్య ఒక్కదానికీ జవాబు చెప్పలేదు. ఒక్కదానికీ. నవ్వుతారు. ఆదివారం మా అక్కావాళ్లింటికి వెళ్దామా అని చెవి దగ్గర కాకపోయినా మనసుకి దగ్గరగా అడిగాను, తలూపారు. తీరా ఆదివారం నేను చీర మార్చుకుని వచ్చేసరికి డ్రైవింగ్ స్కూలు కారు తీసుకుని క్లాసుకి వెళ్లిపోయారు. సాయంత్రం అడిగితే నాకెప్పుడు చెప్పావని నన్నే అన్నారు. అది చూసి నాకు ఒళ్లు మండిపోయింది. పైగా నేను మాట్లాడుతుంటే కళ్లలోకి చూడరు, నోటివంక చూస్తారు, పళ్ల డాక్టర్లా. ఇంత వయసొచ్చాక నా మాట అంత చేదైపోయిందా?

ఇక మాట్లాడను. చీటీ రాసి బల్లమీద పెడుతున్నా. వాటికి మాత్రం చక్కగా జవాబిస్తారు. ఎగతాళి కాకపోతే ఏంటిది.

నీ మోకాళ్ల కబురు విని అందరూ తెగ సంబరపడ్డారు. పెద్దత్తయ్య అయితే, దాన్ని మోకాళ్లు వదలొద్దని చెప్పు అంది. ఒక మాట చెబుతా, నడుము నొప్పి మీద ఒకటి రాయి. గట్టిగా వస్తుందని నాకు అనిపిస్తోంది. ఎందుకని అడగకు, రోజూ జనాన్ని చూస్తుంటాను కదా.

నీ సలహాలు నీ దగ్గరే పెట్టుకోమంటున్న

వదిన


జూన్ 12

వదినా,

నీ చేతికి ముద్దు పెట్టుకోవాలి. నడుము నొప్పికి వచ్చినంత ఇంతవరకూ దేనికీ రాలేదు, మోకాళ్లు తప్ప. నీకెలా తెలిసింది? కళ్లజోళ్లు అమ్మేచోట ఉండి జనం నడుములు కనిపెట్టావంటే నువ్వు నాకన్నా గొప్పదానివి.

ఇంకో కబురు. నేను కనిపెట్టిందంతా గుదిగుచ్చి ఒక పెద్ద వ్యాసం రాశాను. "ఏ విషయాల మీద రాస్తే ఎక్కువ డబ్బు వస్తుంది" అని. కొత్తగా రాతలు మొదలుపెట్టే పిల్లలకి పనికొస్తుంది. అందులో మొహమాటం లేకుండా చెప్పేశాను. మోకాళ్లు మొదటి స్థానం, నడుము రెండు, పైకప్పు మూడు, జుట్టు నాలుగు. బీమా, అప్పులు, లాయర్లు, ఇవన్నీ పాత నమ్మకాలు, జనం వాటిని దాటి ఎప్పుడో ముందుకెళ్లిపోయారు అని. ఒక మహానుభావుడు కింద "మీకు మతి ఉందా" అని రాశాడు. కొత్త మాట చెప్పినవాళ్లని ఎప్పుడూ అలాగే అంటారు.

ఇక అసలుది. పోయిన నెల నా జీతమంత వచ్చింది వదినా. ఇల్లంతా గంతులేశాను. కింద కండక్టరు గారు చెవి మిషన్ తీసి జేబులో పెట్టుకున్నారట, చప్పుడు భరించలేక. అందుకని రాజీనామా రాసి తీసుకెళ్లి సూపర్‌వైజరు గారి బల్లమీద పెట్టేశాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, ఇంకోసారి ఆలోచించుకోమ్మా అన్నారు. ఆలోచించడానికి ఏముందండీ, నా పాఠకులు నన్ను వదలరు అన్నాను.

నా పాఠకులు. ఇంటికొచ్చేదాకా ఆ మాట మళ్లీ మళ్లీ అనుకున్నాను.

స్వతంత్రురాలు పిచ్చుక


జూన్ 21

పిచ్చుకా,

రాజీనామా వెనక్కి తీసుకో. ఈ ఉత్తరం అందగానే వెళ్లి తీసుకో.

ఎందుకని అడుగుతావు. నెట్‌లో డబ్బు ఇవాళ ఉంటుంది, రేపుండదు. ఈ మోకాళ్లూ నడుములూ ఎప్పుడూ ఇలాగే ఉంటాయని ఏముంది? నొప్పి తగ్గొచ్చు. వాళ్లకి విసుగు పుట్టొచ్చు. పెద్దత్తయ్య తన చెల్లెలి దగ్గరికి వెళ్లిపోవచ్చు.

ఆ చివరి వాక్యం పట్టించుకోకు, ఏదో ఆలోచిస్తూ రాశాను. కుర్చీ వదులుకోకు, అంతే. నా మాట విను.

వదిన


జూలై 2

గౌరవనీయులైన వదిన గారికి నమస్కరించి రాయునది,

ఇక్కడ నేను క్షేమం. మీరక్కడ క్షేమమని తలుస్తాను.

మీ ఉత్తరం అందినది. నా పాఠకులకి విసుగు పుడుతుందన్నారు. నా మీద మీకున్న నమ్మకం ఎంతో తెలిసినది. పెళ్లిలో మైకు ఆపించినవారు ఇప్పుడు మాత్రం ఆపకుండా ఎలా ఉంటారు.

ఇంతవరకే రాసి ముగిద్దామనుకున్నాను. ఈ కవరు అంటించేలోపు కొంప మునిగింది వదినా. ప్రకటనలు వేసే కంపెనీవాళ్లు నా ఖాతా మూసేశారు. శాశ్వతంగా. కొద్దిమంది మనుషులే పనిగట్టుకుని రోజూ అవే ప్రకటనలు నొక్కుతున్నారట, ఇది మోసమట, ఈ నెలది ఇవ్వరట, ఇంక ఎప్పటికీ నన్ను చేర్చుకోరట. నేను మోసం చేశానట. ఎవడో నా మీద పగబట్టాడు. ఆ "మతి ఉందా" అన్నవాడే అయ్యుంటాడు. నా ఎదుగుదల చూడలేక నొక్కీ నొక్కీ నన్ను ముంచేశాడు. వాడెవడో తెలిస్తే వాడి వేళ్లు విరగ్గొడతాను.

ఇప్పుడు నేనేం చెయ్యను వదినా.

పిచ్చుక


జూలై 9

పిచ్చుకా, తల్లీ,

ముందు నా వేళ్లు విరగ్గొట్టు. ఆ పగబట్టినవాడు ఎవడో కాదు, మేమే.

మార్చిలో నీ మొదటి ఉత్తరంలోనే రాశావు, ప్రకటన నొక్కితే నీకు ముడుతుందని. ఇంకేముంది, ఇది గొడుగు కొనడం కంటే సులువు, పైసా ఖర్చు లేదు అనుకున్నాను. అప్పట్నుంచీ రోజూ పొద్దున్న షాపు తలుపు తీయగానే అందరికీ ఫోన్ చేసేదాన్ని. పిచ్చుక కొత్తది పెట్టింది, వెళ్లి నొక్కండి అని. చదవక్కర్లేదు, పక్కన బొమ్మలొస్తాయి, వాటిమీద నొక్కితే చాలు అని నేనే నేర్పాను. పెద్దత్తయ్యకి చూపు సరిగా ఆనదు, ఆవిడ కష్టపడకూడదని అలా అన్నాను.

ఆవిడ మోకాళ్లదే నొక్కేది. మిగతావి నాకెందుకు అనేది. నొక్కినప్పుడల్లా కాస్త తెరిపిగా ఉంటోందని కూడా అంది. పైకప్పు మీ బాబాయిది. జుట్టు మీ పిన్ని కొడుకుది, పెళ్లిచూపులు దగ్గరపడ్డాయని వాడికి నిద్ర లేదు. నడుము నాది. బీమా మాత్రం ఎవరూ ముట్టుకోలేదు, నొక్కితే ఏజెంటు ఇంటికొచ్చి కూర్చుంటాడని అందరికీ హడలు. నీ సిద్ధాంతం చదివి నాకు గుండెల్లో రాయి పడింది. చెప్పేద్దామనే కూర్చున్నా. నా పాఠకులు అని రాశావే, ఆ మాట చూసి చెయ్యి రాలేదు.

నిన్ను నిలబెడదామనుకుని పడేశాం. నామీద కోపం తెచ్చుకో, తిట్టు, మాట్లాడకపోయినా సరే. కానీ ఆ ముసలావిడని ఏమీ అనకు. ఖాతా మూసేశారని తెలిసినప్పటినుంచీ ఆవిడ ఫోన్ ముట్టుకోవట్లేదు, నా వేలివల్లే పిల్ల బతుకు పాడైందని ఒకటే ఏడుపు.

నువ్వు రాసిన ఆ పిసినారి ఎవరో మాత్రం తెలియలేదు. అందరినీ అడిగాను. చెవుల దాని జోలికి పోలేదని అందరూ ఒట్టేశారు.

క్షమించు.

నీ వదిన


జూలై 16

వదినా,

ముందు ఏడ్చాను. లోకాన్ని చదివేశాననుకున్నాను కదా, తీరా చూస్తే నేను కనిపెట్టిన లోకం మనింటి హాలు. తల, ఇల్లు, కాళ్లు అని సిద్ధాంతం ఒకటి. పెద్దత్తయ్య మోకాళ్లని మొదటి స్థానంలో పెట్టి పిల్లలకి పాఠాలు చెప్పాను. ఏడుస్తూ ఏడుస్తూ అక్కడికొచ్చేసరికి నవ్వాగలేదు.

నన్ను బాధపెట్టింది ఖాతా కాదు వదినా. "చదవక్కర్లేదు" అన్నావే, అది. ఇన్ని నెలలు ఇంతమంది నా కోసం వేళ్లు అరగదీశారు, ఒక్కరూ ఒక్క వాక్యం చదవలేదు. తిట్టడానికి కూడా మనసు రావట్లేదు. మీ ప్రేమకి ఏం పేరు పెట్టాలో తెలియక చస్తున్నా.

సూపర్‌వైజరు గారి దగ్గరికి వెళ్లాను. నా కాగితం ఇంకా పైకి పంపలేదట. ఆగస్టు ఇంకా ఉంది కదమ్మా అన్నారు. ఆయనకి దణ్ణం పెట్టి వచ్చేశాను.

ఇప్పుడు ఆ పిసినారి సంగతి. ఇన్నాళ్లూ ఎంత వచ్చిందో చూసుకున్నాను గానీ ఎక్కణ్ణుంచి వచ్చారో ఒక్కసారీ చూళ్లేదు. నిన్న చూశాను. ఖాతా మూసేసినా, నొక్కడానికి ఏమీ లేకపోయినా, ఆ మనిషి ఇంకా వస్తూనే ఉన్నాడు. రోజూ పొద్దున్నే, డ్రైవింగ్ క్లాసులు మొదలయ్యే ముందు. మీ ఊరినుంచి. మీ ఊళ్లో మనవాళ్లు మీరిద్దరే. నువ్వేమో చదివే బాపతు కాదు.

నీ పాత ఉత్తరాలన్నీ తీసి మళ్లీ చదివాను. తల ఊపుతాడు. టీవీ పెద్దగా పెడతాడు. నోటివంక చూస్తాడు. చీటీలకి మాత్రం చక్కగా జవాబిస్తాడు. గుసగుసలాడమని నీకు సలహా ఇచ్చింది నేను.

వదినా, ఒక్కపని చెయ్యి. వెనకనుంచి పిలిచి చూడు.

పిచ్చుక


జూలై 26

పిచ్చుకా,

పిలిచాను.

కిటికీ దగ్గర కూర్చుని బూట్లు తుడుచుకుంటున్నారు. వెనక నిలబడి ఏమండీ అన్నాను. మామూలుగా, నా గొంతుతో. కదల్లేదు. ఇంకోసారి గట్టిగా అన్నాను. బూటు తిప్పి రెండోవైపు తుడవడం మొదలుపెట్టారు. వెళ్లి ఎదురుగా కూర్చున్నాను.

"మీకు వినపడట్లేదు కదా" అన్నాను.

"నీకెవరు చెప్పారు?"

"మీ చెల్లెలు."

"దానికెవరు చెప్పారు?"

"మీరే" అన్నాను.

అప్పుడు బూటు కింద పెట్టేశారు. ఏడాది దాటిందట. ముందు ఎడమ చెవి, తర్వాత రెండోది. ఇంట్లో అయితే నోరు చూసి ఎలాగో నెట్టుకొస్తున్నారట. కారులోనే నరకమట. నేర్చుకునేవాళ్లు రోడ్డు చూడాలి కదా, ఆయనవైపు తిరిగి మాట్లాడరు, ఏమడిగారో తెలియదు, పక్కన హారన్ కొట్టినా తెలియదు. బయటపడితే ఉద్యోగం పోతుందని ఎవరికీ చెప్పలేదు. ఏడాదిగా ఈ మనిషి మీద అలిగి కూర్చున్నాను. నాకు దుఃఖం ఆగలేదు. రోజూ ఊళ్లోవాళ్ల కళ్లు చూసి పంపిస్తాను, నా ఇంట్లో మనిషి చెవులు కనిపెట్టలేకపోయాను.

నీ చెవుల వ్యాసం ఎందుకు రోజూ చదివేవారో చెప్పారు. చివర్లో రాశావట, వినపడటం లేదని చెప్పకపోతే ఇంట్లోవాళ్లు మీకు ప్రేమ తగ్గిందనుకుంటారు, చెవి మిషన్ కన్నా ముందు ఆ మాట చెప్పండి అని. రోజూ అది చదివి, ఇవాళ చెప్పేద్దామని బయటికొచ్చి, నా మొహం చూసి మళ్లీ రేపనుకునేవారట. ఇంకో మాట కూడా అన్నారు. పెద్దత్తయ్య నొక్కమని ఆయనకీ చెప్పిందట. "చదువుతూ చదువుతూ నొక్కడం మర్చిపోయేవాణ్ణి, దానికి చెప్పకు, నావల్ల నష్టం వచ్చిందనుకుంటుంది" అన్నారు. చెప్పేశాను.

మర్నాడే చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లాం. మిషన్లు పెట్టారు. పెట్టుకుంటే పాఠాలు నిక్షేపంగా చెప్పొచ్చన్నారు. స్కూలు యజమాని దగ్గరికి నేనే తీసుకెళ్లాను. ఆయన, ముందే చెప్పొచ్చు కదయ్యా అన్నాడు, అంతే. ఇప్పుడు ఇంట్లో నాకు పెద్ద చిక్కొచ్చిపడింది. నేను వంటింట్లో గొణుక్కునేదంతా హాల్లోంచి జవాబులతో సహా తిరిగొస్తోంది.

వదిన


సెప్టెంబరు 7

వదినా,

కుర్చీలో కూర్చునే రాస్తున్నా, భోజనాల వేళ. ఆగస్టు ఆఖర్లో చేరిపోయాను. నా ఫోనూ, నా బల్లా, నా తిట్లూ అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. చేరిన పూటే ఒకాయన, లిఫ్టు తనని చూసి తలుపు వేసేసుకుందని ఫిర్యాదు చేశాడు. క్షమించండి, మనిషిని పంపిస్తున్నాం అన్నాను. ఓడిపోయి వచ్చానని ముందు కాస్త సిగ్గేసింది. అన్నయ్య కారు నడిపేవాళ్ల మాటలు వింటున్నాడని తలుచుకున్నాను. సిగ్గు పోయింది.

రాతలు ఆపలేదు. సాయంత్రాలు రాస్తున్నా. ప్రకటనలు ఎలాగూ లేవు, అవి వచ్చే చోట మిగిలిన ఖాళీ డబ్బాలు కూడా పీకేశాను. నొక్కడానికి ఏమీ లేదు, ఎవరూ ఏమీ చేయనక్కర్లేదని అందరికీ చెప్పమని నీకు చెప్పాను కదా. చెప్పినట్టున్నావు. దాంతో ఏం జరిగిందో తెలుసా? మనవాళ్లు ఖాళీగా ఉండలేరు కదా. నొక్కడానికి ఏమీ కనపడకపోయేసరికి చదవడం మొదలుపెట్టారు.

బాబాయి మొన్న ఫోన్ చేశాడు. నేను రాసినట్టే పైకప్పుకి పూత పూస్తే కారడం ఆగలేదు సరికదా, పక్కగదికి మారిందట. పిన్ని కొడుకు, నా జుట్టు వ్యాసంలో మొదటి పేజీకీ రెండో పేజీకీ పొంతన లేదని గీతలు గీసి మరీ పంపాడు. ఇవన్నీ ఒక ఎత్తు. పెద్దత్తయ్య మీ షాపులో కొత్త జోడు చేయించుకుందటగా. నాకు ఉత్తరం రాసింది. నాలుగు పేజీలు, రెండువైపులా.

"నీకెప్పుడైనా మోకాలు నొప్పి పుట్టిందా?" అని మొదలుపెట్టింది. "పుట్టలేదని ప్రతి వాక్యంలోనూ తెలుస్తోంది. మెట్లు ఎక్కడం కష్టమని రాశావు. ఎక్కడం కాదు, దిగడం. కూర్చోవడం కాదు, లేవడం. లేచాక మొదటి అడుగు వేసే ముందు ఎవరైనా చూస్తున్నారా అని చుట్టూ చూస్తాం, అది ఎక్కడా రాయలేదు. ఏమీ తెలియకుండా ఇన్ని వ్యాసాలెలా రాశావే?" పొడుగునా అంతే. ఒక్క మెచ్చుకోలు లేదు. నేను రాసిన మోకాళ్ల వ్యాసాలన్నీ వరసగా చదివి, ఒక్కొక్కదాన్నీ ఉతికి ఆరేసింది.

ఆ ఉత్తరం ఇప్పుడు నా ముందే ఉంది. ఇందాకట్నుంచీ ఫోన్ మోగుతోంది, తీయలేదు. ఇన్నేళ్లు ఈ కుర్చీలో ఎన్ని తిట్లు తిన్నాను వదినా, ఒక్కటీ నాది కాదు, అన్నీ లిఫ్టువి. ఈ నాలుగు పేజీలూ నావి. నేను రాసినదాన్ని చదివి, నన్ను తిట్టింది.

ఆదివారం ఆవిడ దగ్గరికి వెళ్తున్నా. పక్కన కూర్చుని, ఆవిడ లేచేటప్పుడు చూసి, మోకాళ్ల మొదటి వ్యాసం మళ్లీ మొదటినుంచీ రాస్తా.

పిచ్చుక